గొడ్డు గుర్రం నుంచి క్రోమోసోమ్ పటం దాకా: ఒక లెక్క చరిత్ర



క్రోమోసోమ్ అనే మాట మీకు కొత్త కాదు. మానవుడికి 46, గుర్రానికి 64, గాడిదకు 62 అని ఏదో ఒక పట్టికలో చూసే ఉంటారు. పట్టికలో ఆ అంకె ఒక్క గడిలో ఇమిడిపోతుంది. గుర్రానికి ఎదురుగా ఉన్న 64 ఆ గడిలోకి సరిగ్గా చేరడానికి మాత్రం దాదాపు యాభై ఏళ్లు పట్టింది. ఈలోగా తప్పు అంకెలు ఆ స్థానంలో ధీమాగా కూర్చున్నాయి. వాటి ఆధారంగా సిద్ధాంతాలు కూడా వెలువడ్డాయి. ఈ పాఠ్యభాగంలో మీరు చదవబోయేది ఆ లెక్క ఎలా కుదిరిందన్నది, కుదిరాక గుర్రాల సంతాన సామర్థ్యాన్ని గురించి అడిగే ప్రశ్నే ఎలా మారిందన్నది.

పాఠం చదివేటప్పుడు ఒక విషయం మనసులో ఉంచుకోండి. విజ్ఞాన చరిత్ర అంటే కొత్త ఆలోచనలు పాత ఆలోచనలను ఓడించిన కథ అని మనం సాధారణంగా అనుకుంటాం. ఇక్కడ ఆలోచన కొంతవరకు ముందే సరిగా ఉంది. లేనిది కంటికి కనిపించే ఆధారం.

1. గొడ్డు అన్న తీర్పు

చూడి కట్టని పశువును మన ఊళ్లలో గొడ్డుది అంటారు. ఆ మాటలో కారణం ఏమీ లేదు, తీర్పు మాత్రమే ఉంది. గుర్రాల పెంపకందారులకు ఈ తీర్పు చాలా ఖరీదైనది. ఆడ గుర్రం ఏడాది పొడుగునా ఎదకు రాదు. పగలు పొడుగ్గా ఉండే నెలల్లో, సుమారు 21 రోజులకు ఒకసారి ఎదకు వస్తుంది. గర్భం దాదాపు 11 నెలలు మోస్తుంది. ఆ కాలంలో చూలు నిలవకపోతే ఒక సంవత్సరం మొత్తం పోయినట్టే. మేత, చాకిరీ, మగ గుర్రం దగ్గరికి తీసుకుపోవడానికయ్యే ఖర్చు అన్నీ ఉత్త చేతులతో మిగులుతాయి.

ఈ నష్టం రాతలో మిగిలిన చోటు ఒకటి ఉంది. ఇంగ్లండులో పందెపు గుర్రాల జాతి అయిన థరోబ్రెడ్‌లకు జేమ్స్ వెదర్‌బీ 1791లో ‘జనరల్ స్టడ్ బుక్’ అనే వంశావళి గ్రంథం వెలువరించాడు. ఒక్కొక్క ఆడ గుర్రం పేరు కింద అది ఏ ఏట ఏ మగ గుర్రానికి ఏ పిల్లను ఈనిందో వరసగా రాయడం ఈ గ్రంథపు పద్ధతి. ఈనని ఏడు వస్తే ఆ ఏటికి ఎదురుగా ‘గొడ్డు’ అనే అర్థం వచ్చే మాట ఒకటి ఉంటుంది. చరిత్ర విద్యార్థిగా మీరు ఇలాంటి ఆకరాన్ని చూసినప్పుడు అది ఏం చెబుతోందో, ఏం చెప్పలేకపోతోందో విడదీసి చూడాలి. గుర్రం ఈనలేదని ఆ గ్రంథం చెబుతుంది. అసలు చూలే నిలవలేదా, నిలిచి రెండు నెలలకే ఈసుకుపోయిందా, ఆ గుర్రానికి పుట్టుకతోనే పిల్లలు కలిగే వీలు లేదా అన్నది చెప్పదు. చెప్పే సాధనం అప్పుడు ఎవరి దగ్గరా లేదు. ఈ మూడు ప్రశ్నలూ విడివడడానికి ఇరవయ్యో శతాబ్దపు చివరి దాకా ఆగాల్సి వచ్చింది.

2. కంచర గాడిద: పాత చిక్కు

గుర్రానికి, సంతానానికి సంబంధించి మనుషులు చాలా కాలంగా తల బద్దలు కొట్టుకున్న ప్రశ్న కంచర గాడిదది. మగ గాడిదకూ ఆడ గుర్రానికీ పుట్టేది కంచర గాడిద. మగ గుర్రానికీ ఆడ గాడిదకూ పుట్టేది వేరు, దాన్ని హిన్నీ అంటారు. రెండూ బలమైనవే. కంచర గాడిద ఇరుకు కొండదారుల్లో బరువు మోయడంలో గుర్రాన్ని మించిపోతుంది. మన సైన్యం హిమాలయాల్లో ఇప్పటికీ దాన్ని వాడడానికి కారణం అదే. అయితే ఇవి తమ సంతతిని తాము పెంచుకోలేవు. ప్రతి కంచర గాడిదనూ మళ్లీ మొదటి నుంచి పుట్టించాల్సిందే.

ఈ ఇబ్బంది ఎంత పాతదో ఇటీవల తెలిసింది. సుమారు 4,500 ఏళ్ల కిందట సిరియా, మెసొపొటేమియా ప్రాంతాల్లో రథాలు లాగిన ‘కుంగ’ అనే జంతువు గురించి మట్టి పలకల మీద రాతలున్నాయి. దాని వెల చాలా ఎక్కువని కూడా ఆ రాతల్లోనే ఉంది. 2022లో ప్రచురితమైన డీఎన్‌ఏ పరిశోధన ఆ ఎముకలు ఆడ గాడిదకూ మగ అడవి గాడిదకూ పుట్టిన సంకరానివని తేల్చింది. ఆ ప్రాంతానికి పెంపుడు గుర్రం అప్పటికింకా రానే లేదు.

గ్రీకులు దీనికి కారణం వెతికారు. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ జంతువుల పుట్టుక గురించి రాసిన గ్రంథంలో తనకు ముందటివారి అభిప్రాయాలను చెప్పి ఖండించాడు. రాగిలో తగరం కలిపితే గట్టిపడినట్టు రెండు బీజాలు కలిసి గట్టిపడతాయని ఎంపెడొక్లిస్ అన్నాడట. కంచర గాడిద గర్భమార్గాలు పిండదశలోనే చెడిపోతాయని డెమొక్రిటస్ అన్నాడట. అరిస్టాటిల్ ఈ రెండూ ఒప్పుకోలేదు. గాడిద స్వభావం చల్లనిదని, గుర్రం, గాడిద రెండూ అసలే తక్కువ సంతానం గలవని, ఆ రెండు లోపాలూ కలిసి కంచర గాడిదలో పూర్తి వంధ్యత్వంగా మారాయని అతని వాదన. ఈ వివరణల్ని చూసి నవ్వుకోవడం తేలిక. కానీ గమనించండి: తల్లిదండ్రులు ఇద్దరి నుంచీ వచ్చినవేవో ఒకదానితో ఒకటి పొసగడం లేదన్న ఊహ ఎంపెడొక్లిస్ మాటలో అప్పుడే ఉంది.

గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ ఒక కథ చెబుతాడు. పర్షియా రాజు డేరియస్ బాబిలోన్‌ను ముట్టడించినప్పుడు, కంచర గాడిదలు ఈనిన రోజున మీరు ఈ నగరాన్ని పట్టుకుంటారని కోట మీదినుంచి ఒకడు ఎగతాళి చేశాడు. ఇరవయ్యో నెలలో జోపిరస్ అనే పర్షియా ప్రముఖుడి కంచర గాడిద నిజంగానే ఈనింది. నగరం పడిపోయింది. ఇది నిజమా కాదా అన్నది పక్కన పెట్టండి. ఎన్నటికీ జరగనిదానికి కంచర గాడిద ఈనడం ఉదాహరణగా నిలిచిందంటే ఆ జంతువు వంధ్యత్వం ఎంత లోకప్రసిద్ధమో తెలుస్తుంది. ఈ కథకు 1984లో ఒక కొనసాగింపు ఉంది. దాని దగ్గరికి తరవాత వస్తాం.

3. కుదరని లెక్క

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వంశపారంపర్య లక్షణాలను మోసేవి క్రోమోసోములేనని తేలింది. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయని, బీజకణాలు తయారయ్యే క్షయకరణ విభజనలో సమజాత క్రోమోసోములు జంటగా చేరి విడిపోతాయని తెలిసింది. వెంటనే కంచర గాడిద గుర్తుకు రావడం సహజం. తల్లివి, తండ్రివి జంట కుదరకపోతే బీజకణాలు ఎలా తయారవుతాయి? అమెరికా శాస్త్రవేత్త వుడ్‌సెడలెక్ 1916లో కంచర గాడిద వంధ్యత్వానికి సరిగ్గా ఈ కారణమే చెప్పాడు. ఇప్పుడు మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదీ ఇదే.

ఇక అతని లెక్క చూడండి. మగ గుర్రానికి 37 క్రోమోసోములని 1914లో అతను రాశాడు. గాడిదకు అంతకంటే చాలా ఎక్కువని, కంచర గాడిదకు 51 అని తరవాత రాశాడు. అసలు సంఖ్యలు 64, 62, 63. అంటే గుర్రం లెక్క దాదాపు సగానికి పడిపోయింది. గుర్రానికీ గాడిదకూ ఉన్న రెండింటి తేడా పాతికకు పైగా పెరిగిపోయింది. తేడా అంత పెద్దదిగా కనిపిస్తే జంట కుదరదన్న వాదన మరింత బలంగా వినిపిస్తుంది కదా. ఈ పాఠం మొత్తంలో నాకు అన్నిటికంటే ఆలోచన పుట్టించే ఉదాహరణ ఇదే. వివరణ సరైన దిక్కులో ఉంది, దానికి ఆసరాగా నిలిచిన అంకెలు తప్పు. ఆ రోజుల్లో పాఠకుడికి ఈ రెండింటినీ విడదీసే దారి లేదు.

అంత తప్పు ఎలా జరిగింది? అప్పటి పద్ధతి ఇది: జంతువు ముష్కం ముక్కను తీసి, గట్టిపరచి, మైనంలో పోతపోసి, పల్చని పొరలుగా కోసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూసేవారు. క్రోమోసోములు గుంపుగా ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. కత్తివేటుకు కొన్ని తెగి పక్క పొరలోకి పోయేవి. గుర్రంలో సగానికి పైగా క్రోమోసోములు చిన్నవి, ఒకే పోలికతో ఉండేవి. గడ్డివామిలో గడ్డి పరకల్ని పక్కనుంచి చూసి లెక్కపెట్టినట్టుండేది ఆ పని. 1924లో టెక్సాస్‌లోని థియోఫిలస్ పెయింటర్ గుర్రానికి సుమారు 60 అని లెక్కించాడు. అదే పద్ధతిలో చేసిన పని అయినా ఇది నిజానికి చాలా దగ్గర. అదే పెయింటర్ అంతకు ఏడాది ముందు మానవుడికి 48 అని చెప్పాడు. ఆ తప్పు అంకె మూడు దశాబ్దాలు చెలామణీ అయింది. తరవాత చూసినవారికి కూడా 48 ‘కనిపించాయి’. పేరున్నవాడు చెప్పిన సంఖ్య ముందే మనసులో ఉంటే, మసక బొమ్మలో కన్ను దాన్నే వెతుక్కుంటుంది.

ఈ మసకను తొలగించినవి మూడు చిన్న కిటుకులు. మొదటిది, కణాలను పలుచని ఉప్పునీటిలో ఉంచితే అవి ఉబ్బి లోపలి క్రోమోసోములు దూరదూరంగా పరుచుకుంటాయి. టి.సి. షూ దీన్ని 1952లో ప్రకటించాడు. ఎవరో ద్రావణాన్ని పొరపాటుగా పలుచగా కలపడంవల్ల ఇది దొరికిందని ఆయనే తరవాత చెప్పుకున్నాడు. రెండోది కోల్చిసిన్ అనే మందు. ఇది కణ విభజనను మధ్యలో ఆపి, క్రోమోసోములు బాగా కనిపించే దశలోనే కణాలను నిలబెడుతుంది. మన తోటల్లో ఎర్రటి నిప్పుల్లాంటి పూలు పూసే అడవినాభి దుంపలోనూ ఈ పదార్థమే ఉంటుంది, అందుకే అది విషం. ఈ రెండు కిటుకులనూ వాడి జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్ స్వీడన్‌లోని లుండ్‌లో 1955 డిసెంబరులో మానవ క్రోమోసోములు 46 అని చూశారు. మరుసటి ఏడు ప్రచురించారు. మూడో కిటుకు 1960లో వచ్చింది. పీటర్ నోవెల్ రాజ్మా గింజల నుంచి తీసిన ఒక పదార్థం తెల్ల రక్తకణాలను పరీక్షనాళికలో విభజన చెందేలా చేస్తుందని గమనించాడు. దీనితో ముష్కం కోయనక్కరలేకపోయింది. మెడ నరం నుంచి కొద్దిగా రక్తం తీస్తే సరిపోయింది. బతికి ఉన్న ఆడ గుర్రాన్ని నొప్పించకుండా పరీక్షించే వీలు మొదటిసారి వచ్చింది.

ఆలోచించండి: వుడ్‌సెడలెక్ 1916 నాటి వాదనను మీరు ‘తప్పు’ అంటారా, ‘ఒప్పు’ అంటారా? మీ జవాబును ఐదారు వాక్యాల్లో నోటుబుక్‌లో రాసుకొని, తరవాతి భాగం చదివాక మళ్లీ చూసుకోండి.

4. 1962, ఆ తరవాత ఒక అడ్డుప్రశ్న

1962లో అమెరికాలో రెండు బృందాలు వేరువేరుగా గుర్రం, గాడిద, కంచర గాడిద క్రోమోసోములను ప్రచురించాయి. ఒకటి కాలిఫోర్నియాలో సుసుము ఓనో పనిచేసిన బృందం. రెండోది డార్ట్‌మత్‌లో కుర్ట్ బెనిర్ష్కె బృందం, వీరు హిన్నీని కూడా చూశారు. గుర్రానికి 64, గాడిదకు 62, సంకరానికి 63. తల్లి నుంచి 32, తండ్రి నుంచి 31. చిక్కు తీరిందనిపించింది: 63 బేసి సంఖ్య, ఒకటి ఒంటరిగా మిగులుతుంది, అందుకే పిల్లలు పుట్టవు. చాలా పుస్తకాల్లో ఈ వాక్యం ఇప్పటికీ ఇలాగే ఉంది. మీరు మాత్రం ఇక్కడ ఆగవద్దు.

1965లో బెనిర్ష్కె సహచరులతో కలిసి మంగోలియాకు చెందిన ప్రెజ్వాల్‌స్కీ అడవి గుర్రాన్ని పరీక్షించాడు. దానికి 66 ఉన్నాయి. దానికీ పెంపుడు గుర్రానికీ పుట్టే సంకరానికి 33, 32 కలిసి 65 రావాలి. ఇదీ బేసి సంఖ్యే. కంచర గాడిద సూత్రం ప్రకారం ఇదీ గొడ్డే కావాలి. కానీ ఈ సంకరాలు మామూలుగా పిల్లల్ని కంటాయి. రోజర్ షార్ట్, ఆన్ చాండ్లీ, డబ్ల్యు.ఆర్. ఆలెన్ తదితరులు 1974లో ఈ సంకరం బీజకణాల విభజనను పరిశీలించి చూపారు. పెంపుడు గుర్రంలో ఒక పెద్ద క్రోమోసోముగా ఉన్నది అడవి గుర్రంలో రెండు చిన్న క్రోమోసోములుగా ఉంది. పాఠం అదే, ఒకచోట ఒకే సంపుటంగా, ఇంకోచోట రెండు సంపుటాలుగా కుట్టి ఉందన్నమాట. విభజన సమయంలో ఆ రెండు చిన్నవీ వచ్చి పెద్దదాని పక్కన చేరతాయి. ముగ్గురూ సర్దుకుంటారు. ఆ పెద్దది గుర్రపు 5వ క్రోమోసోమని, దానికి సరిపోయేవి అడవి గుర్రపు 23, 24 అని తరవాత గుర్తించారు.

గుర్రం, గాడిదల మధ్య సంగతి అలా లేదు. సంఖ్యలో తేడా కొంచెమే. లోపలి అమరిక మాత్రం చాలాచోట్ల తలకిందులై, తెగి, వేరే చోట అతుక్కొని ఉంది. జంటలు వెతుక్కోవడమే కష్టం. చాండ్లీ బృందం అదే 1974లో మగ కంచర గాడిదల ముష్కాలను పరిశీలించి, బీజకణాల తయారీ ఎక్కువగా క్షయకరణ విభజనలోనే ఆగిపోతోందని చూపింది. ఆడ వాటిలో అండకణాలు చాలావరకు పుట్టుకకు ముందూ ఆ తరవాత కొద్దికాలంలోనూ నశిస్తాయి. అయితే అన్నీ నశించవు. ఇక్కడ హెరొడొటస్ కథ కొనసాగుతుంది. 1984లో అమెరికాలోని నెబ్రాస్కాలో ఒక ఆడ కంచర గాడిద మగ గాడిద వల్ల ఒక మగ పిల్లను ఈనింది. ఆ పిల్లకు బ్లూ మూన్ అని పేరు పెట్టారు. ఆలివర్ రైడర్, ఆన్ బౌలింగ్, బెనిర్ష్కె తదితరులు రక్తపరీక్షలు, క్రోమోసోములు చూసి 1985లో ఇది నిజమేనని ధ్రువీకరించారు. విచిత్రమేమంటే ఆ పిల్ల కూడా కంచర గాడిదే. అంటే తల్లి తన అండంలో తన తండ్రి గాడిద వాటాను వదిలేసి, తన తల్లి గుర్రపు వాటాను దాదాపు మొత్తంగా అందించిందన్న అభిప్రాయానికి ఇది బలమిచ్చింది.

కాబట్టి ముందు మీరు నోటుబుక్‌లో రాసిన జవాబును ఇప్పుడు తీయండి. వుడ్‌సెడలెక్ అంకెలు తప్పు. సంఖ్యలో తేడాయే కారణమన్న సులభమైన సూత్రం 1962లో అంకెలు సరిగా వచ్చాక కూడా సరిపోలేదు. జంట కుదరకపోవడం కారణమన్న మూల ఆలోచన మాత్రం నిలిచింది.

5. ఏ లోపమూ కనిపించని ఆడ గుర్రాలు

సంకరాల సంగతి అలా ఉంచి, అచ్చమైన పెంపుడు గుర్రాల దగ్గరికి రండి. ఇక్కడి మలుపు మానవ వైద్యం నుంచి వచ్చింది. 1938లో హెన్రీ టర్నర్ అనే వైద్యుడు ఎత్తు పెరగని, రజస్వల కాని కొందరు స్త్రీల లక్షణాలను వర్ణించాడు. 1959లో చార్లెస్ ఫోర్డ్, తదితరులు అలాంటి ఒక అమ్మాయికి రెండు ఎక్స్ క్రోమోసోములకు బదులు ఒకటే ఉందని చూపారు. పశువైద్యులకు ప్రశ్న తట్టింది: ఏళ్ల తరబడి చూలు నిలవని ఆడ గుర్రాల్లో ఇలాంటివి ఉన్నాయా?

1968లో అమెరికా పశువైద్య పత్రికలో ఒక వంధ్య ఆడ గుర్రానికి క్రోమోసోముల సంఖ్యలో తేడా ఉందన్న నివేదిక వచ్చింది. అసలు వెల్లువ 1974 జూలైలో కేంబ్రిడ్జ్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ అశ్వ పునరుత్పత్తి సదస్సుతో మొదలైంది. కాలిఫోర్నియాలోని డేవిస్ నుంచి జాన్ హ్యూజ్, బెనిర్ష్కె బృందం, బ్రిటన్ నుంచి చాండ్లీ, న్యూమార్కెట్ పశువైద్యుడు పీటర్ రోస్‌డేల్ తదితరుల బృందం, ఒకేచోట ఒకే విషయం చెప్పాయి. 64కు బదులు 63 క్రోమోసోములు, ఒక్క ఎక్స్ మాత్రమే ఉన్న ఆడ గుర్రాలు ఉన్నాయి. కొన్నిటిలో కొన్ని కణాలు 63, కొన్ని కణాలు 64 ఉంటాయి. వీటిని మొజాయిక్‌లు అంటారు.

ఈ గుర్రాలు ఎలా ఉంటాయి? బయటికి నిక్షేపంగా ఉంటాయి. కొన్ని తమ వయసుకు కాస్త పొట్టిగా ఉంటాయి. పరుగెత్తుతాయి, సవారీకి పనికొస్తాయి. బాహ్య జననాంగాలు ఆడవే. లోపల మాత్రం అండాశయాలు చిక్కుడు గింజంత చిన్నగా, గట్టిగా ఉంటాయి. గర్భసంచి పల్చగా, వదులుగా ఉంటుంది. ఎద క్రమం తప్పుతుంది. కొన్ని అసలు ఎదకు రావు. కొన్ని ఎద లేకపోయినా మగ గుర్రానికి ఎదురు చెప్పకుండా నిలబడతాయి. యజమానిని అన్నిటికంటే ఎక్కువగా మోసపుచ్చేది ఈ చివరి లక్షణమే. ‘దాటిస్తే నిలబడుతోంది, చూలు మాత్రం నిలవడం లేదు’ అనుకొని మగ గుర్రాన్ని మారుస్తారు, హార్మోన్ సూదులు వేయిస్తారు, గర్భసంచిని కడిగిస్తారు, మేత మారుస్తారు, చివరికి సాకేవాడిని తిడతారు. రెండు మూడు కాలాలు అలా గడిచిపోతాయి. అండకణాలు లేని గుర్రానికి ఇవేవీ పనిచేయవు. గొట్టంలో కొద్దిపాటి రక్తం తీసి, మూడు రోజులు కణాలను పెంచి, క్రోమోసోములు లెక్కపెడితే మొదటి ఏడే తెలిసిపోయే సంగతి ఇది.

మనుషుల్లో ఒక్క ఎక్స్ ఉన్న పిండాల్లో చాలా భాగం గర్భంలోనే పోతాయి. గుర్రాల్లో అవి పుట్టి పెరిగి పెద్దవై కనిపిస్తున్నాయి. గుర్రాల్లో ఇప్పటిదాకా గుర్తించిన క్రోమోసోమ్ లోపాల్లో ఇదే తరచుగా కనిపించేది.

దీని పక్కనే మరొకటి బయటపడింది. రూపంలో ఆడది, క్రోమోసోముల్లో ఎక్స్, వై ఉన్న గుర్రం. లెక్క 64 ఉంటుంది, కాబట్టి లెక్కపెట్టి ఊరుకుంటే దొరకదు. ఏది ఏదో గుర్తుపట్టాలి. 1986లో మిన్నెసోటా పరిశోధకులు ఇది కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తోందని చూపారు. 1990లో లండన్‌లో మగ లక్షణాన్ని నిర్ణయించే ఎస్‌ఆర్‌వై జన్యువును గుర్తించాక ఇందులో ఒక పెద్ద భాగం అర్థమైంది. ఇలాంటి చాలా గుర్రాల వై క్రోమోసోము మీద ఆ జన్యువు ఊడిపోయి ఉంది. కొన్నిటిలో జన్యువు ఉండి కూడా గుర్రం ఆడదిగానే పెరిగింది. వాటికి కారణాలు వేరేచోట వెతకాల్సి వచ్చింది.

ఒక క్రోమోసోము అదనంగా ఉన్న గుర్రాలు చాలా అరుదు. 1990లో బౌలింగ్, మిలన్ అలాంటివి రెండు నివేదించారు. బతికి పుట్టినవాటిలో అదనంగా కనిపించేవి చిట్టచివరి చిన్న క్రోమోసోములే. పెద్దవి అదనమైతే పిండం నిలవదు.

6. నిలిచి జారిపోయే చూలు

‘గొడ్డు’ అని రాసిన గీతలో దాగిన రెండో ప్రశ్న మిగిలింది: చూలు నిలిచి పోయిందా? 1980లో ఫ్రాన్స్‌లో పామర్, డ్రియాన్‌కూర్ ఆడ గుర్రాల గర్భాన్ని అల్ట్రాసౌండ్‌తో చూడవచ్చని చూపారు. అప్పటిదాకా చేత్తో తడిమి తెలుసుకోవడం తప్ప దారి లేదు. ఇప్పుడు రెండు వారాలకే పిండం ఉన్న తిత్తి తెర మీద నల్లటి చుక్కలా కనిపించింది. దానితోపాటు ఇంకో సంగతీ కనిపించసాగింది: ఆ చుక్క కొన్ని వారాల తరవాత మాయమవుతోంది. కొన్ని గుర్రాల్లో ఇది ఏటేటా, ఏ మగ గుర్రంతోనైనా జరుగుతోంది. పాత లెక్కలో ఇవన్నీ చూలు కట్టనివే.

వీటిలో కొన్నిటికి కారణం స్థానాంతరణ. ఒక క్రోమోసోము ముక్క తెగి ఇంకో క్రోమోసోముకు, దాని ముక్క దీనికి అతుక్కుంటుంది. మొత్తం సరుకు సరిగానే ఉంటుంది కాబట్టి ఆ గుర్రానికి ఏ జబ్బూ ఉండదు, పందెం కూడా గెలవవచ్చు. పంపకం జరిగేటప్పుడు గొడవ వస్తుంది. కొన్ని అండాల్లోకి ఒక ముక్క రెండుసార్లు వెళ్తుంది, ఇంకో ముక్క అసలు వెళ్లదు. అలాంటి పిండాలు తొలి వారాల్లోనే పోతాయి. మిగిలిన అండాల నుంచి మామూలు పిల్లలు పుడతాయి. వాటిలో కొన్ని ఆ మార్పిడినే మోసుకుపోతాయి. కెంటకీలో టెరీ లియర్ థరోబ్రెడ్‌లలో ఇలాంటివి కొన్నిటిని గుర్తించింది. 2002లో వివరించిన ఒక గుర్రంలో 1వ, 16వ క్రోమోసోముల మధ్య మార్పిడి జరిగింది.

దీన్ని గుర్తించడం ఎంత కష్టమో చెప్పాలి. గుర్రానికి లింగ క్రోమోసోములు కాక 31 జతలు. వీటిలో 13 జతలకు రెండు భుజాలుంటాయి. మిగతా 18 జతలు ఒక చివర సెంట్రోమియర్ ఉన్న పొట్టి కర్రల్లాంటివి. 1970లలో క్రోమోసోముల మీద అడ్డచారలు వచ్చేలా రంగు వేసే పద్ధతి రాకముందు ఈ 18 జతలను ఒకదాని నుంచి ఒకటి విడదీయలేకపోయారు. ఏ క్రోమోసోముకు ఏ అంకె ఇవ్వాలన్న దానిమీద 1976లో ఇంగ్లండులోని రీడింగ్‌లో మొదలైన కసరత్తు 1997లో గానీ ఒక కొలిక్కి రాలేదు. తరవాత టెక్సాస్‌లో భాను చౌదరి, తెర్యె రౌడ్‌సెప్ వంటివారు మెరిసే డీఎన్‌ఏ తునకలతో గుర్రపు క్రోమోసోముల పటాలు గీశారు. 2009లో ట్వైలైట్ అనే థరోబ్రెడ్ ఆడ గుర్రపు జన్యుక్రమం మొత్తం వెలువడింది.

7. ఈ జ్ఞానం ఎవరి గుర్రాలది?

ఇప్పటిదాకా చదివింది చూసి పిల్లలు పుట్టని ప్రతి గుర్రానికీ క్రోమోసోమ్ లోపం ఉందనుకోకండి. వయసు, గర్భసంచి వాపు, తప్పు సమయంలో దాటించడం, మేత లోపం, ఇవే మామూలు కారణాలు. ఇవన్నీ చూసి కొట్టేశాక, అండాశయాలు చిన్నగా ఉన్న లేక పదేపదే చూలు జారిపోతున్న గుర్రం రక్తమే ప్రయోగశాలకు వెళ్తుంది. దీనివల్ల ఒక పరిమితి ఏర్పడింది. ‘తరచుగా కనిపించే లోపం’ అని నేను పైన రాసిన మాటకు అర్థం ప్రయోగశాలకు వచ్చినవాటిలో తరచుగా అని. వచ్చినవి ఎవరివి? ఎక్కువగా థరోబ్రెడ్‌లు, అరబ్బీలు, బండిపందేల స్టాండర్డ్‌బ్రెడ్‌లు. అంటే రక్తపరీక్షకు ఖర్చు పెట్టడం లాభమనిపించేంత వెల ఉన్న గుర్రాలు. మన జట్కా బండికి కట్టిన ఆడ గుర్రం ఈనకపోతే దాని రక్తం ఎవరూ తీయలేదు. దాన్ని అమ్మేశారు, లేదా బండికే ఉంచుకున్నారు. అందువల్ల కాఠియావారీ, మార్వాడీ, మణిపురి వంటి మన జాతుల గురించి మాట్లాడేటప్పుడు ఈ పాఠంలోని నిష్పత్తులను అలాగే ఎత్తి పెట్టడం సరికాదు. హర్యానాలోని హిస్సార్‌లో గుర్రాల కోసమే ఒక జాతీయ పరిశోధన కేంద్రం ఉంది. ఈ దిశలో చదవదలచిన విద్యార్థులు అక్కడి ప్రచురణలను చూడవచ్చు.

ఇంకొక పరిమితి కాలానిది. 1791 గ్రంథంలో వరసగా ఐదారేళ్లు ‘గొడ్డు’ అని రాసి, ఆ తరవాత పేరే కనిపించకుండా పోయిన ఆడ గుర్రం ఒక్క ఎక్స్ ఉన్నదా, స్థానాంతరణ ఉన్నదా, లేక ఆ ఊళ్లో మగ గుర్రమే పనికిరానిదా అన్నది రాత నుంచి తేల్చలేం. క్రోమోసోములు లెక్కపెట్టాలంటే విభజన చెందుతున్న కణం కావాలి, అంటే బతికి ఉన్న జంతువు కావాలి. పాత ఎముకలో డీఎన్‌ఏ మిగిలి ఉంటే ఎక్స్ ఒకటా రెండా అన్నది పరిమాణాన్ని బట్టి అంచనా వేయవచ్చు. కుంగను గుర్తించినది కూడా ఎముకలోని డీఎన్‌ఏతోనే. ముక్కలు అటూ ఇటూ మారిన గుర్రాన్ని మాత్రం అలా పట్టుకోవడం చాలా కష్టం, ఎందుకంటే దాని మొత్తం సరుకు సరిగానే ఉంటుంది.